గుంటలో కూర్చునే మనకు ఎండ ఎంత అందుతోంది?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో మహేంద్రమంగళం చేనేత సహకార సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. మొదట మగ్గం నేశాను, తర్వాత సంఘం లెక్కలు రాస్తూ వచ్చాను. నేను మైకు ముందుకు వస్తే నూలు ధర గురించో, రిబేటు బాకీ గురించో మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. అవి తీర్మానాల్లో వస్తాయి. నాకు ఇచ్చిన ఈ కాస్త సమయంలో మన ఎముకల గురించి మాట్లాడతాను. నేత నేసేది చేతులూ కాళ్లే గదా. అవి పనికిరాకుండా పోతే నూలు చవగ్గా వచ్చినా ఏం లాభం?

సంఘానికి కూలి తీసుకోవడానికి వచ్చే ఆడవాళ్లు చెప్పే మాటలు నేను ఏళ్ల తరబడి వింటున్నాను. నడుము పట్టేసింది అంటారు. తొడలు లాగుతున్నాయి అంటారు. గుంటలో నుండి లేవాలంటే రెండు చేతులూ ఊనాలి, మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవాలి అంటారు. ఇట్ల చెప్పేవాళ్లందరూ ముసలివాళ్లు కారు. నలభై నిండనివాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లోవాళ్లు ‘వయసయింది, రక్తం లేదు’ అని ఊరుకొంటారు. లేదంటే మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కొచ్చి మింగిస్తారు.

నొప్పికి కారణాలు శానా ఉంటాయి. వంగి కూర్చోవడం ఒకటి, రోజంతా తొక్కుడు పలకలు తొక్కడం ఒకటి, నరం పట్టుకోవడం ఒకటి. అన్నిటికీ ఒకే పేరు పెట్టకూడదు. కాని ఈ కారణాల్లో ఒకటి రక్తపరీక్షలో తెలిసిపోతుంది, తక్కువ ఖర్చుతో నయం కూడా అవుతుంది. అదే విటమిన్ డి లోపం. నయమయ్యే జబ్బును వయసు మీదికి తోసేసి భరించడం మనకు తగదు. నేను చెప్పదలచుకొన్నది ఇదే.

ముందు ఈ విటమిన్ ఏమిటో చెప్తాను. మనం తిన్న తిండిలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పేగుల నుండి రక్తంలోకి చేర్చేది ఈ డి. అది సరిగ్గా ఉన్నప్పుడు తిన్న కాల్షియంలో నూటికి 30 నుండి 40 వంతులు ఒంటికి పడుతుంది. అది లేనప్పుడు 10 నుండి 15 వంతులే పడుతుంది. మిగిలినది వృథా. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు, ఎముకలో దాచినదాన్ని తీసి వాడుకొంటుంది. ఆదాయం లేని ఇంట్లో దాచిన సొమ్ము కరిగిపోయిన మాదిరే ఎముక గుల్లబారుతుంది. కొత్తగా పెరిగే ఎముక గట్టిపడదు. పిల్లల్లో దీన్ని రికెట్స్ అంటారు. కాళ్లు విల్లులా వంగుతాయి, మణికట్టు లావెక్కుతుంది, పళ్లు ఆలస్యంగా వస్తాయి, మాడు త్వరగా పూడదు. పెద్దవాళ్లలో ఎముక మెత్తబడుతుంది. నడుము, తుంటి, తొడలు, ముంగాళ్ల ఎముకలు నొక్కితే నొప్పి పెడతాయి. తొడ కండలు బలం తగ్గి, కింద కూర్చున్న మనిషి లేవలేడు.

ఈ డి మిగతా విటమిన్ల మాదిరి ఎక్కువగా తిండిలో నుండి రాదు. కొవ్వు ఉన్న సముద్రపు చేపల్లో ఉంది, గుడ్డు పచ్చసొనలో కొంచెం ఉంది. మనకు ముఖ్యంగా ఎండే దాన్ని ఇస్తుంది. ఎండలోని ఒక రకం కిరణం చర్మం మీద పడితే చర్మంలో ఉండే ముడిసరుకు మారి విటమిన్ అవుతుంది. అది కాలేయానికి పోయి ఒకసారి, మూత్రపిండాలకు పోయి ఇంకొకసారి మారి, పనికి సిద్ధమవుతుంది. మన పనిలో చిలప నూలు కండెకు ఎక్కి, ఆ తర్వాత నాడెలోకి పోయి బట్ట అయినట్టే. మొదటి మెట్టులో సరుకు రాకపోతే వెనకున్న మగ్గాలన్నీ నిలిచిపోతాయి.

ఇప్పుడు మన బతుకు చూడండి. నాలుగో అఖిల భారత చేనేత గణన 2019–20లో జరిగింది. దాని లెక్క ప్రకారం దేశంలో నేతపనివాళ్లు, అనుబంధ పనివాళ్లు కలిపి 35 లక్షల 22 వేల మంది. వాళ్లలో పది మందికి ఏడుగురికి పైగా ఆడవాళ్లే. పని అంతా ఇంట్లోనే. గుంట మగ్గం ఇంటి లోపల ఉంటుంది. నూలు ఆరిపోయి తెగకూడదని గాలీ వెలుతురూ తక్కువ ఉండే చోటే చూసి మగ్గం వేస్తాం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం తిండికి లేస్తాం, మళ్లీ చీకటి పడేదాకా గుంటలోనే. మగవాళ్లు సంఘానికి, బజారుకు పోతారు. ఆడవాళ్లకు మగ్గం నుండి పొయ్యి, పొయ్యి నుండి కండెల రాట్నం. అంతా పైకప్పు కిందే.

వెనకటికి వీధి పొడుగునా పడుగు చాచి, గంజి పెట్టి, కుంచె వేసేవాళ్లం. ఆడా మగా పిల్లా జెల్లా అందరూ వీధిలో ఉండేవాళ్లు. ఎండ ముదిరితే గంజి గబుక్కున ఆరిపోయి నూలు పెళుసవుతుందని ఆ పనిని తెల్లవారుజామునే మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు శానా ఊళ్లలో తయారైన పడుగు వస్తోంది, ఆ వీధి పని కూడా పోయింది. ఉన్న కాలంలోనూ అది పొద్దుటి ఎండే. పొద్దుటి లేత ఎండలో ఆ కిరణం శానా తక్కువ. ‘ఉదయం ఏడు గంటల ఎండ ఒంటికి మంచిది’ అని అందరం చెప్పుకొంటాం. నడకకు అది మంచిదే, విటమిన్‌కు మాత్రం చాలదు. ఇంకొక మాట. మగ్గం మీద వెలుతురు కోసం పెంకుల మధ్య గాజు పెంకు పెడతాం. వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది. విటమిన్ తయారుచేసే కిరణాన్ని మాత్రం గాజు ఆపేస్తుంది. గాజు కింద ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు.

ఇది మన ఒక్కరికి వచ్చిన కష్టం కాదు. మన నేతను దెబ్బతీసిన మిల్లు బట్ట వచ్చిన ఇంగ్లాండునే చూడండి. పొగ కమ్మిన మిల్లు పట్టణాల్లో, ఎండ దూరని ఇరుకు సందుల్లో కూలివాళ్ల పిల్లలు వంకర కాళ్లతో పెరిగారు. థియోబాల్డ్ పామ్ అనే డాక్టరు జపానులో మిషనరీగా పని చేసి స్వదేశం పోయాడు. అక్కడ అంత పేదరికంలోనూ కనబడని జబ్బు తన దేశంలో ఇంతగా ఎందుకుందని ఆలోచించాడు. ఇండియా, చైనాల్లో ఉన్నవాళ్లకు కూడా ఉత్తరాలు రాసి అడిగాడు. ఎండ లేకపోవడమే దీనికి కారణమని 1890లో రాశాడు. తర్వాత ముప్పై ఏళ్లకు గాని శాస్త్రవేత్తలు ఆ సంగతిని పరీక్షల్లో తేల్చలేదు. 1922లో అమెరికాలో మెకాలమ్ అనే శాస్త్రవేత్త ఈ పదార్థానికి విటమిన్ డి అని పేరు పెట్టాడు.

మనది ఎండ దేశం గదా, మనకెందుకు ఈ లోపం అని శానా కాలం డాక్టర్లు కూడా అనుకొన్నారు. మనకు దగ్గరలోనే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి.హరినారాయణ్ గారు, ఆయనతో పని చేసినవాళ్లు పట్టణంలో ఉండేవాళ్లకూ చుట్టూ పల్లెల్లో పొలం పని చేసేవాళ్లకూ రక్తపరీక్షలు చేశారు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పైకి ఆరోగ్యంగా కనబడేవాళ్లలోనే లోపం బాగా ఉందని తేలింది. ఎండలో పని చేసే పల్లెవాళ్లకు డి కొంచెం మెరుగు, నీడలో ఉండే పట్నంవాళ్లకు తక్కువ. కాని ఇద్దరి తిండిలోనూ కాల్షియం తక్కువే. తిరుపతి ఎండలో 11 గంటల నుండి 2 గంటల లోపే ఈ విటమిన్ ఎక్కువగా తయారవుతుందని కూడా వాళ్లు చూపించారు. తిరుపతికీ మన ధర్మపురికీ ఎండలో ఏం పెద్ద తేడా ఉంది? మనం పల్లెలో ఉన్నాం, కాని బతికేది పట్నంవాళ్ల మాదిరి నీడలో. పల్లెవాడి తిండి, పట్నంవాడి నీడ, రెండు నష్టాలూ మనకే వచ్చాయి.

ఇతర జనాలను కూడా చూద్దాం. గల్ఫ్ దేశాల్లో మాడిపోయే ఎండ. అక్కడి ఆడవాళ్లలో ఈ లోపం శానా ఎక్కువ, ఎందుకంటే ఇంట్లోనే ఉంటారు, బయటికి వస్తే ఒళ్లంతా కప్పుకొంటారు. మన దేశం నుండీ పాకిస్తాను నుండీ బ్రిటనుకు పోయినవాళ్ల పిల్లల్లో 1960ల నుండి గ్లాస్గో లాంటి చోట్ల రికెట్స్ కనబడింది. అది ముదిరి ముదిరి 1981లో అక్కడ దాన్ని ఆపడానికి ప్రచారమే నడపవలసి వచ్చింది. చర్మం నలుపు ఎక్కువైన కొద్దీ అంతే విటమిన్‌కు ఎక్కువసేపు ఎండ కావాలి. లండనుకో అమెరికాకో పోయిన మన పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అదే ఆఫ్రికాలో టాంజానియాలో పశువులు కాచుకొనే మసాయి వాళ్లకు, వేటాడి బతికే హాడ్జా వాళ్లకు పరీక్ష చేస్తే డి నిండుగా ఉంది. చర్మం నలుపే, కాని పగలంతా ఆరుబయటే. ఫిన్లాండులో చలికాలం ఎండే ఉండదు. వాళ్లు 2003 నుండి పాలలో ఈ విటమిన్ కలిపి లోపాన్ని బాగా తగ్గించుకొన్నారు. కాబట్టి దేశం ఏదైనా, ఒంటి మీద ఎండ ఎంత పడుతోంది, తిండిలో ఏం చేరుతోంది అన్నదే లెక్క.

మన దేశంలో 2016 నుండి 2018 దాకా పిల్లల పోషణ మీద కేంద్ర ప్రభుత్వం పెద్ద సర్వే చేయించింది. 1 నుండి 4 ఏళ్ల పిల్లల్లో నూటికి 14 మందికి, 5 నుండి 9 ఏళ్లవాళ్లలో 18 మందికి, 10 నుండి 19 ఏళ్లవాళ్లలో 24 మందికి ఈ లోపం ఉందని తేలింది. వయసు పెరిగే కొద్దీ పెరుగుతోంది. బడి, ట్యూషను, ఫోను, పిల్లలు బయట ఆడడం లేదు గదా. పెద్ద వయసువాళ్ల సంగతి ఇంకా కష్టం. డెబ్బై ఏళ్ల చర్మం అదే ఎండలో పడుచు చర్మం తయారుచేసే దాంట్లో నాలుగో వంతే తయారుచేస్తుంది.

ఇక మన జిల్లా సంగతి. ధర్మపురి రాగుల సీమ. రాగుల్లో కాల్షియం బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. ఆ సంస్థ 1918లో మన తమిళనాడులోనే కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు పోయింది. ఒక పూట రాగి సంగటి తింటే మూడో వంతు అక్కడే వస్తుంది. కాని ఇప్పుడు మన ఇళ్లలో సంగటి ఎక్కడుంది? రేషను బియ్యం వచ్చాక మూడు పూటలా అన్నమే. రాగుల్లో కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థం కూడా కొంత ఉంటుంది. రాగులు నానబెట్టి మొలక కట్టించి పిండి చేస్తే అది తగ్గుతుంది. మన అవ్వలు పసిపిల్లలకు పెట్టిన మొలక రాగి పిండి ఊరికే పెట్టింది కాదు.

మన జిల్లాకు ఇంకొక శాపం ఉంది, నీటిలో ఫ్లోరైడ్. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా సహించవచ్చు అని ప్రభుత్వ ప్రమాణం. మన బోరు నీళ్లలో శానా చోట్ల అంతకంటే ఎక్కువ. అందుకే జపాను అప్పుతో హొగేనక్కల్ నీటి పథకం కట్టారు, 2013లో మొదలైంది. ఫ్లోరైడ్ కూడా ఎముకనే పడుతుంది. తెలంగాణలో నల్లగొండ బాధ మీ అందరికీ తెలుసు. అక్కడ పిల్లల మోకాళ్లు లోపలికి వంగడాన్ని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రపంచానికి చెప్పారు. కాల్షియం, డి తక్కువగా ఉన్న ఒంటిని ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా దెబ్బ తీస్తుంది. రెండు జబ్బులూ నొప్పిలో ఒకే మాదిరి కనబడతాయి. కాబట్టి మన ఊళ్లలో నడుము నొప్పి అంటే నీళ్లను కూడా అనుమానించాలి. హొగేనక్కల్ నీళ్లు వచ్చే ఊళ్లో కూడా వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లు ఉన్నాయి. ఉప్పగా ఉంటేనే చెడ్డ నీళ్లు అనుకోకండి. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, కాచినా పోదు.

ఇంత విన్న తర్వాత రేపు పొద్దున్నే మందుల షాపుకు పోయి డి మాత్రలు కొనకండి. ఈ మధ్య దీని పేరు మీద వ్యాపారం పెరిగింది. షుగరు పోతుంది, గుండె జబ్బు రాదు, క్యాన్సరు రాదు అని వాట్సాపులో వస్తుంది. అమెరికాలో దాదాపు 26 వేల మంది పెద్ద వయసువాళ్లకు ఐదేళ్ల పాటు ఇచ్చి చూశారు. క్యాన్సరు గాని గుండె జబ్బు గాని రావడం తగ్గలేదని 2018లో తేల్చారు. లోపం ఉందా లేదా అని చూడకుండా అందరికీ ఇస్తే ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో చెప్పారు. లోపం ఉన్నవాడికి ఇది మందు, లేనివాడికి వట్టి ఖర్చు. ఎక్కువైతే ప్రమాదం కూడా. 60 వేల యూనిట్ల మాత్ర వారానికి ఒకటి చొప్పున, డాక్టరు చెప్పినన్ని వారాలు వేసుకొనేది. దాన్ని రోజూ మింగితే రక్తంలో కాల్షియం మితిమీరి వాంతులు, దాహం, మలబద్ధకం వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నొప్పికి సూది అడిగి అడిగి వేయించుకోవడం కూడా మంచిది కాదు.

మరి ఏం చేయాలి? నాకు తెలిసినంతలో చెప్తాను.

ఒకటి. మధ్యాహ్నం తిండికి లేచినప్పుడు, 11 నుండి 2 లోపల, అర గంట నుండి ముప్పావు గంట బయట ఉండండి. చేతులు, ముంగాళ్లు, మెడ ఎండకు తగలాలి. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉంటే అది పనికొచ్చే ఎండ. ఎన్ని నిమిషాలు అన్నది మనిషిని బట్టి మారుతుంది. చిత్తిరై, వైకాశి నెలల్లో కొంచెం తగ్గించండి, ఒళ్లు మండేదాకా నిలబడకండి. కొన్ని చర్మ జబ్బులవాళ్లు డాక్టర్ని అడిగే పోవాలి. నల్లబడతామని ఆడపిల్లలు భయపడతారు. అమ్మా, రంగు మాట వాళ్లకు నేర్పింది మనమే, మానిపించవలసింది కూడా మనమే.

రెండు. కడుపుతో ఉన్న తల్లికి నాలుగో నెల నుండి ప్రసవమైన ఆరు నెలల దాకా కాల్షియం మాత్రలు ఇవ్వాలని 2014 నుండి కేంద్ర ప్రభుత్వ నియమం. ఒక్కొక్క మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి ఉంటాయి, రోజుకు రెండు. ‘వేడి చేస్తుంది’ అని అటక మీద పారేసిన ఇళ్లు ఉన్నాయి. పారేయకండి. తల్లిపాలలో డి తక్కువే, అందుకే పుట్టిన బిడ్డకు మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల డాక్టర్ల సంఘం చెప్తుంది. తల్లిపాలు మాత్రం మానకండి.

మూడు. గుంటలో నుండి లేవలేనంత బలహీనత ఉంటే, ఎముక నొక్కితే నొప్పి ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రికి పోయి అడగండి. రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూస్తే కొంత దారి తెలుస్తుంది, అవి పెద్ద ఖర్చు కావు. డి పరీక్ష కొంచెం ఖరీదైనది, అవసరమా కాదా డాక్టరే చెప్తారు. మీరు చేసే పని ఏమిటో కూడా ఆయనకు చెప్పండి. ‘గుంట మగ్గం నేస్తాను, పగలంతా లోపలే ఉంటాను’ అని చెప్తే ఆయన ఆలోచన అటు పోతుంది.

నాలుగు. పాలు, నూనె కొనేటప్పుడు పొట్లం మీద కూడిక గుర్తు, పక్కన ఎఫ్ అక్షరం ఉందా చూడండి. అట్లా గుర్తున్న పాలల్లో, నూనెల్లో ఎ, డి విటమిన్లు కలిపి ఉంటారు. వారంలో కొన్ని రోజులైనా సంగటి పొయ్యి ఎక్కనివ్వండి.

చివరిగా సమాఖ్యకు నా విన్నపం. ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు కళ్లద్దాలు, షుగరు చూసి పంపించేస్తున్నారు. ఇకమీద నేసే ఆడవాళ్ల ఎముకలు, కండల బలం కూడా చూడమని డాక్టర్లను అడగాలి. ప్రతి సంఘం తన ఊరి బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, ఫలితాన్ని నోటీసు బోర్డు మీద అతికించాలి. కొత్తగా మగ్గం షెడ్డు కట్టేటప్పుడు పక్కన నాలుగు అడుగుల ఎండ తగిలే అరుగు కూడా ప్లానులో ఉండాలి. ఇంట్లో నేసే కూలికి గంట లెక్క లేదు, మీటరు లెక్కే. అందుకే ఆ అర గంటను మనవాళ్లు నష్టంగా చూస్తారు. నడుము పట్టేసి వారం రోజులు మగ్గం ఆగితే పోయే కూలి ఎంతో కూడా లెక్క వేసుకోండి. నేను లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆ అర గంట ఖర్చు పద్దులో రాయవలసింది కాదు.

 సభ మధ్యాహ్నం తిండికి లేస్తుంది. పందిట్లోనే కూర్చోకుండా, తినేముందు కాసేపు అట్ల బయట మాట్లాడుకొంటూ నడిచి రండి.